అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్తున్నారా? చిన్న చిన్న తేడాలకు పెద్దవాళ్ళు సిద్ధమయ్యే పద్ధతి

అమెరికా వెళ్ళే తల్లిదండ్రులకు మంచు గురించీ, వెడల్పాటి రోడ్ల గురించీ, పెద్ద పెద్ద షాపుల గురించీ ముందే అందరూ చెప్పి ఉంటారు. చెప్పనివి చిన్న విషయాలు. స్విచ్ ఎటు నొక్కితే లైటు వెలుగుతుంది, పోపు వేయగానే చెవులు చిల్లులు పడేలా మోగేది ఏమిటి, రోడ్డు దాటేటప్పుడు ముందు ఎటు చూడాలి, షాపులో రాసిన ధర కంటే ఎక్కువ ఎందుకు తీసుకున్నారు. ఏళ్ళ తరబడి అక్కడే ఉన్న పిల్లలకు ఇవన్నీ అలవాటైపోయాయి కాబట్టి చెప్పాలన్న ఆలోచనే రాదు. ఫలితంగా, ఉద్యోగానికి వెళ్ళిన కొడుకో కూతురో సాయంత్రం తిరిగొచ్చేదాకా పెద్దవాళ్ళు ఇంట్లో ఏదీ ముట్టుకోకుండా కూర్చుంటారు. ఇండియాలో బ్యాంకు పనులు, పొలం పనులు, పెళ్ళి పనులు ఒంటిచేత్తో చేసుకొచ్చిన మనిషి అక్కడ టీ పెట్టుకోవడానికి కూడా ఒకరి కోసం ఎదురుచూడడం నాకు చాలా బాధగా ఉంటుంది. ఆ అవసరం లేదు. తేడాలను ఒక వరుసలో నేర్చుకుంటే రెండు మూడు వారాల్లో మీ అంతట మీరు తిరగగలరు.

ఆ వరుస ముఖ్యం. ప్రాణానికీ ఒంటికీ సంబంధించినవి ముందు, డబ్బుకు సంబంధించినవి తర్వాత, మర్యాదలు ఆ తర్వాత. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని ప్రతి పేజీనీ మూడు గళ్ళుగా గీయండి: మన దగ్గర ఎలా, అక్కడ ఎలా, నేనేం చేయాలి. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ తేడా ఇంకా మీకు పూర్తిగా తెలియనట్టే లెక్క. ఆ రాత్రి పిల్లల్ని అడిగి నింపుకోండి.

మొదటి అడుగు: పెట్టె సర్దేటప్పుడే

మన ఇళ్ళలో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడి మిక్సీ అక్కడ పెడితే నీరసంగా తిరుగుతుంది తప్ప పప్పు నలగదు. 110 వోల్టులకు తయారైన మన మిక్సీలు, గ్రైండర్లు అక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి, మోసుకెళ్ళకండి. ఫోను, ల్యాప్‌టాప్ ఛార్జర్ల మీద "100–240" అని రాసి ఉంటుంది కాబట్టి అవి పనిచేస్తాయి. ప్లగ్గు ఆకారం మాత్రం వేరు, రెండు మూడు అడాప్టర్లు చాలు.

తినే వస్తువుల దగ్గర జాగ్రత్త. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి ఎంత ప్రేమగా పెట్టినా తీసుకెళ్ళకండి, మాంసం రానివ్వరు. తాజా పండ్లు, కూరగాయలు, విత్తనాలు కూడా అంతే. కరివేపాకు రెమ్మలు అస్సలు వద్దు. కరివేప చెట్టు మీద బతికే ఒక చిన్న పురుగు నారింజ, నిమ్మ తోటలను నాశనం చేసే తెగులును మోస్తుంది. ఆ తెగులు ఫ్లోరిడా నారింజ తోటలను దారుణంగా దెబ్బతీసింది, అందుకే అంత పట్టుదల. మిగతా పొడులు, స్వీట్లు, కాయగూరల పచ్చళ్ళు ఏవి ఉన్నా ఎయిర్‌పోర్టులో అడిగినప్పుడు ఉన్నాయనే చెప్పండి. చెప్పినవాటిలో పనికిరానివి తీసేసి పంపిస్తారు, చెప్పకుండా దొరికితే జరిమానా వేస్తారు. దుబాయ్, అబుదాబి మీదుగా వెళ్ళేవాళ్ళు గసగసాలు పెట్టుకోవద్దు, అక్కడ అవి నిషిద్ధం.

మందులను అవి వచ్చిన ప్యాకెట్లలోనే, డాక్టరు చీటీతో పాటు చేతి సంచిలో ఉంచుకోండి. ఇక్కడ మందుల షాపులో అడగ్గానే ఇచ్చే చాలా మందులు అక్కడ డాక్టరు రాస్తేనే ఇస్తారు. ఇంకో మాట: మనం పారాసెటమాల్ అనే మందును అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. ఇది నోటుపుస్తకంలో మొదటి పేజీలోనే రాసుకోండి. రెండు పేర్లతో ఉన్న ఒకే మందు రెండుసార్లు పడకూడదు. షుగరు చూసుకునే మిషను కొలత రెండు చోట్లా ఒకటే, కానీ మీ మిషనుకు సరిపోయే స్ట్రిప్పులు అక్కడ దొరకకపోవచ్చు, సరిపడా తీసుకెళ్ళండి.

వీసా మీద పదేళ్ళు అని ఉన్నంత మాత్రాన పదేళ్ళు ఉండవచ్చని కాదు. ప్రతిసారీ ఎన్నాళ్ళు ఉండవచ్చో ఐ-94 అనే రికార్డులో ఉంటుంది, సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. దిగిన మర్నాడే పిల్లలతో ఆ తేదీ చూపించుకుని రాసిపెట్టుకోండి.

రెండో అడుగు: మొదటి సాయంత్రం ఇల్లంతా తిరగండి

ఎంత నిద్రొస్తున్నా ఒక గంట కేటాయించి, పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక్కో గదీ చూడండి. వాళ్ళు నొక్కి చూపించడం కాదు, మీ చేత్తో మీరు నొక్కాలి, తిప్పాలి.

స్విచ్ దగ్గర మొదలుపెట్టండి. మనకు కిందికి నొక్కితే వెలుగుతుంది, అక్కడ పైకి నొక్కితే వెలుగుతుంది. ప్లగ్గు పాయింట్లకు మన దగ్గరలా పక్కన స్విచ్ ఉండదు, ప్లగ్గు పెట్టిన క్షణం నుంచీ కరెంటు ఉన్నట్టే. ఇస్త్రీ పెట్టె విషయంలో ఇది గుర్తుండాలి. పని కాగానే ప్లగ్గు పీకేయాలి.

వంటింటికి ఎక్కువ సమయం ఇవ్వండి, ఎందుకంటే తేడాలన్నీ అక్కడే పోగుపడి ఉంటాయి. చాలా ఇళ్ళలో గ్యాసు మంట ఉండదు, నున్నటి గాజు పలక ఉంటుంది. మంట ఆరితే చల్లారినట్టే అని మన కంటికి అలవాటు. గాజు పొయ్యి కట్టేశాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. పలక మీద చిన్న ఎర్ర లైటు వెలుగుతున్నంతసేపూ చేయి పెట్టకూడదు, ప్లాస్టిక్ గిన్నె పెట్టకూడదు, గుడ్డతో తుడవకూడదు.

పోపు వేసేముందు పొయ్యి పైన ఉన్న ఫ్యాన్ వేసి, వీలైతే కిటికీ తెరవండి. కొన్ని ఫ్యాన్లు పొగను బయటికి పంపవు, వడకట్టి మళ్ళీ గదిలోకే వదులుతాయి. అందుకే కిటికీ అవసరం. ఎండుమిర్చి ఘాటుకు సీలింగ్ మీది స్మోక్ అలారం మోగితే కంగారు పడొద్దు: ముందు పొయ్యి కట్టేయండి, తలుపు తెరవండి, అలారం కింద తువ్వాలుతో విసరండి. ఎక్కువ ఇళ్ళు చెక్క ఫ్రేములతో కట్టినవి, మంట అంటుకుంటే క్షణాల్లో పాకుతుంది. కాబట్టి గొడవగా ఉందని బ్యాటరీ తీసేయించవద్దు. అపార్ట్‌మెంటు మొత్తానికి ఉన్న ఫైర్ అలారం మోగితే మాత్రం వంట, పూజ, ఏదున్నా వదిలి మెట్ల దారిన కిందికి దిగిపోవాలి. దేవుడి దగ్గర దీపం వెలిగించి గది వదిలి వెళ్ళే అలవాటు మనకుంది, అక్కడ మీరు ఆ గదిలో ఉన్నంతసేపే వెలిగించుకోండి.

సింకు పక్కన గోడకు లైటు స్విచ్ లాంటిదే ఒకటి ఉంటుంది. అది నొక్కితే సింకు రంధ్రంలో తిండి తుక్కును నలగ్గొట్టే గార్బేజ్ డిస్పోజర్ అనే మిషను తిరుగుతుంది. లోపల చెంచా పడిందని చేయి పెట్టకండి. ములక్కాడ పిప్పి, అన్నం, కాగిన నూనె అందులో వేస్తే పైపు మూసుకుపోతుంది. నూనెను ఒక పాత డబ్బాలో పోసి, చల్లారాక చెత్తబుట్టలో వేయాలి. డిష్‌వాషర్‌లో దాని పొడో బిళ్ళో మాత్రమే వేయాలి, మామూలు గిన్నెల సబ్బు వేస్తే నురగ పొంగి వంటింటి నేలంతా తడుస్తుంది.

స్నానాల గది సంగతి. మన బాత్రూములో నేలంతా నీళ్ళు పోసి కడిగేస్తాం, నీళ్ళు మూల తూములోంచి పోతాయి. అక్కడ నేలకు తూము ఉండదు. కింద పడ్డ నీళ్ళు చెక్కలోకి ఇంకి కింది అంతస్తు వాళ్ళ సీలింగ్ మీద మరకగా తేలతాయి. కాబట్టి తొట్టి లోపలే నిలబడి, ప్లాస్టిక్ కర్టెన్ అంచు తొట్టి లోపలికి ఉండేలా లాగి స్నానం చేయాలి. వేడినీళ్ళు ఇరవైనాలుగు గంటలూ సిద్ధంగా ఉంటాయి, సాధారణంగా ఎడమవైపు. ముందు చల్లనీళ్ళు వదిలి, మెల్లగా వేడివైపు తిప్పండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు తొట్టి అంచు దాటడమే పెద్ద కష్టం. రబ్బరు చాప, గోడకు పట్టుకునే కడ్డీ, టాయిలెట్‌కు చేతి షవరు, ఈ మూడూ మీరు రాకముందే పెట్టించమని పిల్లల్ని నిర్మొహమాటంగా అడగండి.

బట్టలు ఆరేసే డ్రైయర్‌లో ఒక జాలీ ఉంటుంది, ప్రతిసారీ అందులో పేరుకున్న నూగు తీసేయాలి. అది మంటలకు కారణమవుతుంది. నేత చీరలు, పట్టు అందులో వేయకండి. బాల్కనీలో తాడు కట్టి ఆరేయడం చాలా అపార్ట్‌మెంట్లలో ఒప్పుకోరు కాబట్టి ఇంట్లో మడత స్టాండు మీద ఆరేసుకోవాలి.

చివరగా తలుపు. చాలా చోట్ల తలుపు మూయగానే దానంతటదే తాళం పడుతుంది. చెత్త పడేయడానికి వెళ్ళినా తాళంచెవి చేతిలో ఉండాలి.

మూడో అడుగు: రోడ్డు

మన దగ్గర బండ్లు ఎడమపక్క నడుస్తాయి కాబట్టి రోడ్డు మీద అడుగుపెట్టేముందు కుడివైపు చూస్తాం. అక్కడ కుడిపక్క నడుస్తాయి, ముందు ఎడమవైపు చూడాలి. ఏళ్ళ అలవాటు మెడను కుడికే తిప్పుతుంది. అందుకే మొదటి వారం పిల్లలు పక్కన ఉండగా రోజూ ఒకే కూడలి దాటి సాధన చేయండి. స్తంభానికున్న బటన్ నొక్కి, నడిచే మనిషి బొమ్మ వెలిగేదాకా ఆగండి. ఎర్రలైటు ఉన్నా ఆగి, చూసుకుని కుడివైపు తిరగడానికి చాలా చోట్ల కార్లకు అనుమతి ఉంది. కాబట్టి బొమ్మ వెలిగినా తిరిగే కారును చూసుకోండి. కారు ఆపి చేయి ఊపుతున్నాడంటే మిమ్మల్ని ముందు వెళ్ళమని అర్థం.

పసుపు పచ్చ స్కూలు బస్సు ఎర్రలైట్లు మినుకుతూ ఆగితే ఎదుటి నుంచి వచ్చే కార్లు కూడా చాలావరకు ఆగిపోవాలి. మనవడిని దింపడానికో ఎక్కించడానికో మీరే వెళ్తుంటే ఇది దగ్గరుండి గమనించండి.

కార్లో మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది. అక్కడ కుదరదు. పసిపిల్లలు వాళ్ళ సీటులోనే ఉండాలి, అది చట్టం. పిల్లల్ని కార్లో ఒంటరిగా వదిలి షాపులోకి వెళ్ళడం కొన్ని రాష్ట్రాల్లో నేరం.

దీన్ని నోటుపుస్తకంలో ఎర్రసిరాతో రాయండి: పోలీసు కారు ఆపితే మన దగ్గర దిగి ఆయన దగ్గరికి వెళ్తాం, అక్కడ దిగకూడదు. వెనక సీట్లో ఉన్నా సరే, చేతులు కనిపించేలా పెట్టుకుని కదలకుండా కూర్చోవాలి. సంచిలోంచి కాగితాలు తీయబోవద్దు, అడిగాకే తీయాలి.

నాలుగో అడుగు: ఆపద వస్తే

మనకు 112, 108. అక్కడ 911. పోలీసు, ఫైరు, అంబులెన్స్ అన్నిటికీ అదొక్కటే. ఇంగ్లీషు రాకపోతే "తెలుగు, ఇండియా" అని పదే పదే చెప్పండి, చాలా చోట్ల దుబాసీని లైనులోకి తెస్తారు. పొరపాటున ఆ నంబరు కలిస్తే ఠక్కున పెట్టేయకండి, పెట్టేస్తే ఆపదేమో అని వెతుక్కుంటూ వస్తారు. పొరపాటున చేశామని చెప్పండి. ల్యాండ్‌లైన్ నుంచి ఇండియాకు చేయాలంటే ముందు 011, తర్వాత 91 నొక్కాలి. తొందరలో ఈ అంకెలు తారుమారై 911కి పోవచ్చు. సెల్‌ఫోన్‌లో ప్లస్ గుర్తుతో సేవ్ చేసుకుంటే ఆ గొడవ ఉండదు.

మన 108 ఉచితం. అక్కడ అంబులెన్స్‌కు బిల్లు వస్తుంది, అదీ పెద్దదే. అయినా గుండెనొప్పి, పక్షవాతం లక్షణాలు, శ్వాస ఆడకపోవడం వంటివి వస్తే బిల్లు ఆలోచన పెట్టుకోకుండా ఫోన్ చేయండి. పిల్లలకు ఖర్చవుతుందని నొప్పి దాచుకునే తల్లిదండ్రులు మనలో ఎక్కువ, దయచేసి ఆ పని చేయకండి. జ్వరం, బెణుకు, చెవిపోటు లాంటి వాటికి అర్జెంట్ కేర్ అనే చిన్న క్లినిక్కులుంటాయి, ఆస్పత్రి ఎమర్జెన్సీ కంటే చాలా తక్కువలో అయిపోతుంది. పర్యాటకుల బీమాల్లో చాలావాటికి పాత జబ్బులు వర్తించవు. ఏది వర్తిస్తుందో బయలుదేరేముందే చదివించుకోండి.

ఐదో అడుగు: కొలతలు

సగం మీకు వచ్చినవే. మనం ఎత్తును అడుగులు, అంగుళాల్లోనే చెప్పుకుంటాం, ఇళ్ళ స్థలాలు గజాల్లో కొంటాం, జ్వరం ఫారన్‌హీట్‌లోనే చూస్తాం. కొత్తవి నాలుగే. పౌను అంటే దాదాపు 450 గ్రాములు, కాబట్టి 20 పౌన్ల సోనామసూరి సంచి 9 కిలోలు. గాలను దాదాపు 3.8 లీటర్లు. మైలు 1.6 కిలోమీటర్లు. ఎండ, చలి కూడా ఫారన్‌హీట్‌లోనే చెబుతారు: 30 తీసేసి సగం చేస్తే సుమారుగా మన లెక్కకు వస్తుంది. కచ్చితమైన లెక్కలో 72 అంటే హాయిగా ఉండే 22 డిగ్రీలు, 32 అంటే నీళ్ళు గడ్డకట్టే సున్నా.

తేదీలో నెల ముందు వస్తుంది. 03/04 అంటే మార్చి 4. డాక్టరు అపాయింట్‌మెంటు, మందుల గడువు చూసేటప్పుడు దీన్ని మరవొద్దు. అంతస్తులు కూడా అంతే: మన గ్రౌండ్ ఫ్లోరు వాళ్ళకు సాధారణంగా మొదటి అంతస్తు.

గడియారం ఏడాదికి రెండుసార్లు మారుతుంది. మార్చిలో రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరులో మొదటి ఆదివారం గంట వెనక్కి. అరిజోనాలో చాలా భాగం, హవాయి మాత్రం మార్చుకోవు. డల్లాస్‌లో వేసవి సాయంత్రం 8 అయితే హైదరాబాద్‌లో మర్నాడు పొద్దున 6:30, చలికాలంలో అదే 7:30.

పండుగలు, వ్రతాలు చేసుకునేవాళ్ళు ఇక్కడి క్యాలెండరు పట్టుకెళ్తే సరిపోదు. తిథి మారే క్షణం లోకమంతటికీ ఒకటే అయినా సూర్యోదయం ఊరూరికీ వేరు. ఉదాహరణకు వేసవిలో అమావాస్య ఇక్కడ మంగళవారం ఉదయం 7కు ముగిసిందనుకోండి, మంగళవారం సూర్యోదయానికి తిథి ఉన్నట్టే. ఆ క్షణంలో డల్లాస్‌లో ఇంకా సోమవారం రాత్రి 8:30. వాళ్ళ మంగళవారం తెల్లారేసరికి అమావాస్య వెళ్ళిపోయి ఉంటుంది, కాబట్టి అక్కడ సోమవారమే. మీరున్న ఊరికి గణించిన పంచాంగం చూడండి, లేదా దగ్గరి గుడి క్యాలెండరు తెచ్చుకోండి.

ఆరో అడుగు: కొట్టుకు వెళ్దాం

అక్కడ ఎమ్మార్పీ లేదు. ఒకే పాల డబ్బా పక్కపక్క షాపుల్లో వేరు వేరు ధరలకు ఉంటుంది. బిల్లు దగ్గర రాసిన ధరపై పన్ను కలుపుతారు, అదీ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్‌లో రాష్ట్రం 6.25 శాతం, స్థానికంగా ఇంకో 2 శాతం దాకా. న్యూజెర్సీలో 6.625. ఓరెగాన్‌లో అసలు లేదు. చాలా రాష్ట్రాల్లో బియ్యం, కూరగాయల వంటి సరుకులకు పన్ను ఉండదు.

నోట్లన్నీ ఒకే సైజు, కాబట్టి అంకె చూసే ఇవ్వాలి. నాణేల్లో 10 సెంట్ల డైము అన్నిటికంటే చిన్నది, 5 సెంట్ల నికెల్ దానికంటే పెద్దది. పైగా డైము మీద 10 అనే అంకె ఉండదు. ఒక్కో నాణెం అరచేతిలో పెట్టుకుని పోల్చి చూసుకోండి.

కూర్చుని తినే హోటల్లో బిల్లుపై 15 నుంచి 20 శాతం టిప్పు ఇస్తారు. టిప్పు తీసుకునే పనివారికి యజమాని ఇవ్వాల్సిన కనీస నగదు కూలి కేంద్ర చట్టం ప్రకారం గంటకు 2.13 డాలర్లే, చాలా రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువ. మిగతాది టిప్పుల మీదే రావాలి. అందుకే అది ఇష్టముంటే ఇచ్చేదిగా చూడరు. పార్సిల్ తీసుకునేటప్పుడు కౌంటరు మీది తెర టిప్పు అడిగినా వద్దని నొక్కవచ్చు.

ప్రతి డాలరునూ రూపాయల్లోకి మార్చి లెక్కవేస్తే కొత్తిమీర కట్ట కూడా కొనబుద్ధి కాదు. ఆ లెక్క మానేసి అక్కడి రెండు షాపుల ధరలు పోల్చండి. ఎక్కడ ఏది చవకో మీకే పిల్లల కంటే బాగా తెలిసిపోతుంది.

శాకాహారులు "వెజిటేరియన్" అన్న ఒక్క మాటతో ఆగకూడదు. సూపులో చికెన్ నీళ్ళు ఉన్నాయా, కేకులో గుడ్డుందా, మిఠాయిలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉందా అని విడిగా అడగాలి. మంచినీళ్ళు అడిగితే గ్లాసు నిండా ఐసుతో ఇస్తారు, "నో ఐస్" అని ముందే చెప్పండి.

ఏడో అడుగు: మనుషులు

"హౌ ఆర్ యూ" అని దారినపోయేవాళ్ళు పలకరిస్తే మోకాలి నొప్పి గురించి చెప్పనక్కర్లేదు. "గుడ్, థాంక్యూ" అంటే చాలు. మనం తల అటూ ఇటూ ఊపి అవునంటే వాళ్ళకు అర్థం కాదు, నోటితో చెప్పాలి. వరుసలో ముందువాళ్ళకు చేయి చాపినంత దూరం ఉంచాలి. తలుపు తీస్తే వెనకొచ్చేవాళ్ళ కోసం పట్టుకుని నిలబడాలి. ముద్దొస్తున్నారని ఇతరుల పిల్లల బుగ్గలు పుణకవద్దు, ఫోటో తీయవద్దు.

ఆస్పత్రిలో, బ్యాంకులో పేరు పిలిచేటప్పుడు మన ఇంటిపేరుతో, అదీ గుర్తుపట్టలేని పలుకుబడితో పిలుస్తారు. మీ ఇంటిపేరు వాళ్ళ నోట ఎలా వినిపిస్తుందో పిల్లల్ని రెండుసార్లు పలకమనండి. ఫారాల్లో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి, ముందువెనకలు మార్చవద్దు.

ఎనిమిదో అడుగు: ఒంటరిగా గడప దాటడం

రెండో వారం దాటాక మీ అంతట మీరు బయటికి వెళ్ళండి. ఊరి లైబ్రరీ అన్నిటికంటే మంచి చోటు. లోపల కూర్చోవడానికి రుసుము లేదు, కార్డు అక్కర్లేదు, కుర్చీలు, బాత్రూము, కంప్యూటరు ఉంటాయి. చలికాలంలో షాపులు తెరవకముందే మాల్ లోపల నడిచే పెద్దవాళ్ళు చాలా ఊళ్ళలో కనిపిస్తారు, వాళ్ళతో కలవండి. గుడికి చాలా ఊళ్ళలో నడిచి వెళ్ళలేం, ఆదివారం కారుతో వెళ్ళేలా ముందే అనుకోండి. అక్కడ పరిచయమైనవాళ్ళు డబ్బులిస్తాం వంట చేసిపెట్టమన్నా, పిల్లల్ని చూడమన్నా ఒప్పుకోకండి. సందర్శకుల వీసా మీద జీతానికి పనిచేయకూడదు.

బయలుదేరేముందు జేబులో ఇవి ఉన్నాయో చూసుకోండి: తాళంచెవి, ఛార్జింగ్ ఉన్న ఫోను, ఇంటి అడ్రసూ పిల్లల నంబర్లూ ఇంగ్లీషులో రాసిన కాగితం, పాస్‌పోర్టు జిరాక్సు, ఐ-94 ప్రింటు, వేసుకునే మందుల పేర్లు. మొదటి రోజు వీధి చివరి దాకా వెళ్ళి వచ్చేయండి. మర్నాడు పార్కు దాకా. కాలనీల్లో ఇళ్ళన్నీ ఒకేలా కనిపించి దారి తప్పవచ్చు కాబట్టి మలుపు మలుపుకూ వీధి బోర్డును ఫోనులో ఫోటో తీసుకుంటూ వెళ్ళండి, ఆ ఫోటోలే వెనక్కి చూసుకుంటూ ఇంటికి రావచ్చు.